గాజు పగిలితే వినాలి, గిన్నె పడితే ఊరుకోవాలి

మా బావ ఇంటికి అలారం పెట్టిస్తున్నాడు. కింది అంతస్తు నిండా పెద్ద పెద్ద కిటికీలున్న ఇల్లు. మొన్న ఫోన్ చేసి, "కిటికీ అద్దం పగిలితే ఆ చప్పుడు విని సైరన్ మోగించే గ్లాస్ బ్రేక్ డిటెక్టర్లు రెండు చూశాను. ఒకదాని రేంజి ఏడున్నర మీటర్లట, ఇంకోదానిది తొమ్మిదట. తొమ్మిదిది తీసేసుకుంటే అయిపోతుందిగా?" అన్నాడు. అలా తేలదు బావా అన్నాను. ఎందుకు తేలదో చెప్పడం మొదలుపెడితే అది పెద్ద వాదనే అయింది. సగం ఒప్పుకున్నాడు, సగం ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోని సగంలో అతని మాటకు బలం ఉందని ఫోన్ పెట్టేశాక నాకే అనిపించింది. అందుకే ఈ పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటికి గ్లాస్ బ్రేక్ డిటెక్టర్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది అది ఎంత దూరం నుంచి వినగలదని కాదు, ఏ చప్పుళ్ళు విని కూడా ఊరుకోగలదని. పగిలిన గాజును వదిలేయడం తప్పే, పగలని గాజుకు అరవడమూ తప్పే. అయితే ఇంట్లో ఎక్కువ చేటు చేసేది ఈ రెండో తప్పు. ఇలా అనడానికి నా దగ్గర కారణం ఉంది. దానికి ఒక పెద్ద మినహాయింపు కూడా ఉంది, అది బావ పుణ్యమే.

ముందు ధబ్, తర్వాత భళ్ళు

కిటికీ అద్దాన్ని రాయి పెట్టి కొడితే అది వెంటనే ముక్కలైపోదు. ముందు లోపలికి వంగుతుంది. ఆ వంగడంతో గదిలో గాలి ఒక్కసారి నెట్టుకుపోతుంది. చెవికి ధబ్‌మని వినిపించేది అదే, మహా అయితే రెండు మూడు వందల హెర్ట్జ్ లోపు చప్పుడు. ఆ తర్వాత పగులు పాకుతుంది. మామూలు కిటికీ గాజులో అది సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగం అందుకుంటుంది కాబట్టి మనకు అంతా ఒకేసారి జరిగినట్టే ఉంటుంది. ముక్కలైనప్పుడు వచ్చే భళ్ళుమనే చప్పుడులో వేల హెర్ట్జ్‌లు ఉంటాయి.

పాత మైకు డిటెక్టర్లు ఈ రెండో చప్పుడును మాత్రమే పట్టుకునేవి. అందుకే తాళాలు గలగలమన్నా, చిల్లర నేల మీద పడ్డా వాటికి గాజు పగిలినట్టే వినిపించేది. ఇప్పుడొచ్చే మంచివాటికి రెండూ కావాలి, అదీ వరసలో: ముందు ధబ్, ఆ వెంటనే భళ్ళు. ఒకటి వచ్చి రెండోది రాకపోతే ఊరుకుంటాయి. వీటన్నిటికంటే ముందు దుకాణాల అద్దాల మీద సన్నటి లోహపు రేకు పట్టీ అంటించేవాళ్ళు. అద్దం పగిలితే రేకు తెగుతుంది, దాంతో కరెంటు దారి తెగుతుంది, గంట మోగుతుంది. చూడ్డానికి అందవికారంగా ఉండేది గానీ, పక్కన గిన్నె పడిందని మాత్రం అది ఏనాడూ మోగలేదు.

రెండు చప్పుళ్ళూ కావాలన్నంత మాత్రాన పూర్తిగా నిశ్చింతగా ఉండొచ్చా అంటే, లేదు. నా స్నేహితుడి ఇంట్లో వెనక తలుపుకు తాళంచెవి ఎప్పుడూ దాని కన్నంలోనే ఉంటుంది, దానికో పెద్ద గుత్తి వేలాడుతుంటుంది. ఒక రాత్రి గాలికి తలుపు ధడాలున పడింది. ఆ వెనకే గుత్తి గలగలలాడింది. సైరన్ మోగింది. అందరూ లేచి ఒక్కో కిటికీ చూసుకున్నారు, అన్నీ బాగానే ఉన్నాయి. కొన్నాళ్ళకు మళ్ళీ అదే. దాని తప్పేముంది పాపం, ధబ్ వినిపించింది, వెంటనే గలగల వినిపించింది! మూత తీసి చూస్తే సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న చప్పుడుకు స్పందించాలన్న సెట్టింగు, చివరిదాకా తిప్పి ఉంది. బిగించినతను "రేంజి ఫుల్లుగా రావాలి కద సార్" అన్నాడట. ఆ గది మొత్తం కలిపి నాలుగు మీటర్లు లేదు.

ఆ తర్వాత వాళ్ళు చేసిన పని చూడండి. డిటెక్టర్ మార్చలేదు, సెట్టింగు తగ్గించలేదు. రాత్రిళ్ళు అలారం ఆన్ చేయడమే మానేశారు. పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, పక్కింటివాళ్ళ ముందు తలవంపులు, ఎందుకొచ్చిన టెన్షన్ అని. అంటే కిటికీ దగ్గరి మైకొక్కటే కాదు, తలుపు తెరిస్తే పట్టుకునే మాగ్నెట్ సెన్సర్, ముందు తలుపుకున్నది, వెనక తలుపుకున్నదీ, ఏ తప్పూ చేయనివి, అన్నీ దానితోపాటే పడుకున్నాయి.

ఏ తప్పు ఎంత దూరం పోతుంది

నా వాదనంతా ఇక్కడే ఉంది. డిటెక్టర్ ఒక పగలడాన్ని వినలేదనుకోండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడైతే ఆ దొంగ లోపలికి దిగాక కదలికను పట్టే మోషన్ సెన్సర్ ముందు నడవాలి, ఏదో తలుపు తీయాలి. ఒక పొర జారినా వెనక ఇంకో పొర ఉంది. ఆ తప్పు అక్కడితో ఆగుతుంది. అదే డిటెక్టర్ ఊరికే అరిచిందనుకోండి, దాన్ని పట్టుకునే పొర ఏదీ లేదు. ఆ తప్పు నేరుగా మనుషుల దగ్గరికి వెళ్తుంది. ఇంట్లోవాళ్ళు అలారం పెట్టడం మానేస్తారు, పక్కింటివాళ్ళు సైరన్ వింటే కిటికీ వేసుకుంటారు. అమెరికా న్యాయశాఖ పోలీసుల కోసం వేసిన ఒక గైడులో, దొంగ అలారం మోగిందని వచ్చే కాల్స్‌లో 94 నుంచి 98 శాతం తప్పుడువని రాశారు. ఇన్నిసార్లు ఊరికే పరుగెత్తినవాళ్ళు తొంభై తొమ్మిదోసారి కూడా అదే వేగంతో వస్తారని ఎలా ఆశిస్తాం?

అందుకే బావకు ఏం చెప్పానంటే: తొమ్మిది మీటర్లది ఒక్కటి పెద్ద హాల్లో పెట్టి పక్క గది కిటికీ కూడా దానికే అప్పగించడం కంటే, ఏడున్నర మీటర్లవి రెండు కొని, గదికొకటి పెట్టి, రెండిటి సెన్సిటివిటీ ఆ గదికి ఎంత అవసరమో అంతకే తగ్గించు. దగ్గరగా ఉన్న మైకుకు అసలు గాజు గట్టిగా వినిపిస్తుంది కాబట్టి చిన్న చప్పుళ్ళను అది ధైర్యంగా పక్కన పెట్టగలదు. దూరంగా ఉన్నది ప్రతిదానికీ చెవి రిక్కించాలి. పైగా పక్క గది నుంచి గోడ మూల తిరిగి వచ్చేసరికి ఆ భళ్ళులో ఉండే పై ఫ్రీక్వెన్సీలే ముందు పోతాయి. మిగిలేది ధబ్ మాత్రమే.

ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ మాట అతనూ అన్నాడు. కాదనను. కానీ ఒక్కటి కొని, చివరికి దాన్ని ఆపేసుకోవడంలో మిగిలేదేమిటో నాకు అర్థం కాదు.

రాత్రి సంగతి వేరు

ఇక బావ ఒప్పుకోని సగం. "వెనక ఇంకో పొర ఉందన్నావు. మేం పడుకున్నాక మోషన్ సెన్సర్లు ఆపేస్తాం కదా, లేకపోతే నీళ్ళకు లేచినా సైరనే. అప్పుడు ఆ పొర ఎక్కడుంది?"

అప్పటికప్పుడు నాకు సరైన జవాబు తట్టలేదు. గ్లాస్ బ్రేక్ డిటెక్టర్‌కు ఉన్న పెద్ద గుణమే అది. ఇంట్లో మనుషులు తిరుగుతున్నా దాన్ని ఆన్‌లో ఉంచొచ్చు. మోషన్ సెన్సర్ దొంగ లోపలికి వచ్చాక చెప్తుంది, ఇది వాడు ఇంకా బయట ఉండగానే చెప్తుంది. పడుకున్న ఇంట్లో ఆ తేడా చాలా పెద్దది. కాబట్టి మిస్సయితే మోషన్ సెన్సర్ చూసుకుంటుందన్న నా మాట ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే చెల్లుతుంది. రాత్రి పూట తలుపులకు మాగ్నెట్లున్నా, కిటికీ అద్దాలకు ఈ మైకే దిక్కు.

అయితే సెన్సిటివిటీ పెంచాలా మరి? రెండు రోజులు ఆలోచించినా నా సమాధానం వద్దనే. ఎందుకంటే రాత్రి పూట తప్పుడు కూత చేసే చేటు పగటికంటే ఎక్కువ. నా స్నేహితుడి ఇంట్లో అలారం మూలపడింది రాత్రి కూతలవల్లే. రాత్రికి కావాల్సింది ఇంకా గట్టిగా వినే మైకు కాదు, మైకుతో సంబంధం లేని ఇంకో పొర. అలాంటిది ఉంది: షాక్ సెన్సర్. అద్దానికో, ఫ్రేముకో అంటించేది. లోపల కంపనం తగిలితే కరెంటు పుట్టించే చిన్న పీజో ముక్క ఉంటుంది, గాజులో పుట్టే కంపనాన్ని అది నేరుగా పట్టుకుంటుంది. గదిలో టీవీ ఎంత మోగినా దానికి పట్టదు, కర్టెన్ ఎంత మందంగా ఉన్నా దానికి అడ్డం కాదు. ఫ్రేముకు పెట్టిన రకమైతే అద్దం పగలకముందే, ఇనప కడ్డీతో కిటికీని పెకలించడం మొదలుపెట్టగానే చెప్పగలదు.

మరి అన్ని కిటికీలకూ అవే పెట్టుకోవచ్చు కదా అంటే, అద్దానికి అంటించే రకం ఒక పలకకు ఒకటి కావాలి. మైకు ఒకటి గదిలో ఉన్న అద్దాలన్నిటినీ వింటుంది. ఎండ తగిలే అద్దం మీద జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ వదలొచ్చు. ఫ్రేముకు పెట్టినది గాలికి కదిలే వదులు కిటికీ మీద ఉంటే అదీ ఊరికే మోగుతుంది. పెద్ద లారీ పోయినప్పుడు గజగజలాడే కిటికీ అయితే ఇక చెప్పక్కర్లేదు. పడక గదుల్లో, ఇంటి వెనక ఎవరికీ కనిపించని వైపు ఉన్న కిటికీలకు మాత్రం షాక్ సెన్సర్, మిగతావాటికి గది మైకు. మినహాయింపు అన్నది ఇదే. తప్పుడు కూత తగ్గించడమే ముందు అన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను, కానీ ఆ తగ్గింపువల్ల పోయే భద్రతను రాత్రికి వేరే వస్తువుతో పూడ్చాలి.

క్రాస్ జోనింగ్ అని ఇంకో మార్గం కూడా చెప్తారు. గాజు పగిలిన కబురు వచ్చాక కొద్ది వ్యవధిలో మోషన్ సెన్సర్ కూడా కదలిక చూస్తేనే సైరన్ మోగేలా ప్యానెల్‌లో, అంటే సెన్సర్లన్నీ కబురు పంపే అలారం పెట్టెలో, పెట్టుకోవడం. ఊరికే మోగడం చాలా తగ్గుతుంది. ఖాళీ ఇంటికి ఫర్వాలేదు. పడుకునే ఇంటికి మాత్రం నేను వద్దంటాను. బయట ఉండగానే చెప్పడం కోసం కొన్న వస్తువును, దొంగ లోపలికి వచ్చేదాకా ఆగమనడం ఏమిటి?

గాజు అంతా ఒకటి కాదు

షాపులో రేంజి అడిగేవాళ్ళే గానీ, మా ఇంట్లో ఏ గాజు ఉందో చెప్పి అడిగేవాళ్ళు తక్కువ. అసలు తేడా అక్కడే ఉంది. మామూలు గాజు పెద్ద పెద్ద కత్తుల్లాంటి పెంకులుగా విరుగుతుంది, బాగా గోల చేస్తుంది, ఏ డిటెక్టరైనా సంతోషంగా పట్టుకుంటుంది. వేడితో గట్టిపరిచిన టఫెన్డ్ గాజు ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది, దాని చప్పుడు వేరు. లామినేటెడ్ గాజులో రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొడితే పగుళ్ళు వస్తాయి గానీ ముక్కలు రాలవు, భళ్ళుమనదు. దొంగకు అది కష్టమైన గాజే. అయితే చప్పుడు తక్కువ కాబట్టి మైకుకూ కష్టమే. పాత అద్దానికి సెక్యూరిటీ ఫిల్మ్ అంటించినా ఇదే కథ. ఫిల్మ్ వేయించి, దాన్ని డిటెక్టర్ బిగించేవాళ్ళకు చెప్పకపోతే పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పలకల అద్దం సంగతి ఇంకా జాగ్రత్తగా చదువుకోవాలి. హనీవెల్ ఎఫ్‌జీ-1625 అనే డిటెక్టర్‌నే తీసుకోండి. దాని రేంజి 7.6 మీటర్లు. కానీ దాని ఇన్‌స్టాలేషన్ కాగితంలోనే రెండు పలకలు కలిపి సీల్ చేసిన అద్దాలకు, లామినేటెడ్‌కు, రెండు పలకలూ పగిలితేనే గుర్తిస్తుందని షరతు ఉంది. అంతే కాదు, అద్దం పొడవూ వెడల్పూ కనీసం 28 సెంటీమీటర్ల చొప్పున ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు తలుపు పక్కన ఉండే సన్నటి అద్దాల పట్టీలు గుర్తొచ్చాయి. దొంగ పెద్ద అద్దం బద్దలుకొట్టి పెంకుల మధ్య నుంచి దూరాలని అనుకోడు. గడియకు దగ్గరగా ఉన్న చిన్న అద్దం పగలగొట్టి చెయ్యి లోపలికి పెట్టడమే వాడికి సులువు. సరిగ్గా ఆ అద్దమే కొలతకు తక్కువైతే డిటెక్టర్ దానికి పూచీ పడదు. అక్కడ మైకుకు డబ్బు పెట్టడం కంటే, చెయ్యి పెట్టినా లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోని తాళం ఆలోచించడం మేలు. కానీ మంటలు లేచినప్పుడు ఇంట్లోవాళ్ళూ అదే తలుపు గుండా బయటపడాలి కదా అన్న భయం నన్ను ఆపుతుంది. ఆ తలుపుకు మాగ్నెట్ సెన్సర్ ఎలాగూ ఉంటుంది, చిన్న అద్దానికి ఒక షాక్ సెన్సర్ అంటిస్తే చాలనుకుంటున్నాను. దాని కనీస కొలత ఎంతో కూడా చూసుకునే.

ఇక మైకు ఏ రకమైనదైనా పట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి. గ్లాస్ కట్టర్‌తో నెమ్మదిగా కోస్తే ధబ్ ఉండదు. పలక చుట్టూ ఉన్న పట్టీలు ఊడదీసి అద్దాన్ని అద్దంగా దించేస్తే అసలు పగలడమే లేదు. గాలి కోసం తీసి పెట్టిన కిటికీలోంచి దూరడానికి దొంగ ఎలాగూ ఏదీ పగలగొట్టక్కర్లేదు. ఇవన్నీ చెప్పి డిటెక్టర్ దండగ అనేవాళ్ళున్నారు. నేను అంత దూరం పోను. కానీ తలుపులకూ తెరుచుకునే కిటికీలకూ మాగ్నెట్ సెన్సర్లు పెట్టకుండా ముందు దీన్ని కొనేవాళ్ళను చూస్తే మాత్రం ఆపాలనిపిస్తుంది. ఆ చిన్న అయస్కాంతం ముక్క ఊరికే మోగడం చాలా తక్కువ, అది చెప్పేది ఒకే ఒక్క విషయం, దాన్ని సరిగ్గా చెప్తుంది.

వస్తువు ఒకటే, గదులు వేరు

ఒకే డిటెక్టర్ ఒక ఇంట్లో బంగారంలా పనిచేసి ఇంకో ఇంట్లో పీడకల కావడానికి కారణం చాలాసార్లు గదే. మందపాటి కర్టెన్లు, తివాచీ, మెత్తటి సోఫాలు ఉన్న గది పై ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. గచ్చు నేల, ఖాళీ గోడలు ఉన్న గది ప్రతి చప్పుడునూ రెట్టింపు చేసి తిరిగిస్తుంది. మొదటి గదిలో పెట్టె మీద రాసిన రేంజి నమ్మకూడదు, రెండో గదిలో సెన్సిటివిటీ తగ్గించకపోతే మనశ్శాంతి ఉండదు.

కర్టెన్ మందంగా ఉంటే డిటెక్టర్‌ను కర్టెన్‌కు అవతల, కిటికీ ఫ్రేము మీదికి తీసుకెళ్ళాలి. మామూలుగా అయితే అద్దానికి ఎదురుగా ఉన్న గోడ మీదో, పైకప్పుకో, మధ్యలో ఏ బీరువా అడ్డం లేకుండా, అద్దం నేరుగా కనిపించేలా పెట్టాలి. గది మూలల్లో వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలేచోట వద్దు. స్పీకర్ పక్కన, కాలింగ్ బెల్ పక్కన అసలే వద్దు.

వంటింట్లో పెట్టొద్దని ఇన్‌స్టాలేషన్ కాగితాలే చెప్తాయి, అయినా పెడతారు. అక్కడ కిటికీ ఉంటుంది కాబట్టి. చిన్న గది, గట్టి గోడలు, స్టీలు, పింగాణీ, గాజు గ్లాసులు: డిటెక్టర్‌ను ఏడిపించడానికి ఇంతకంటే మంచి గది ఉండదు. గాజు గ్లాసు నిజంగానే గాజు. అది పడి పగిలితే డిటెక్టర్ అరవడం తప్పా ఒప్పా అని ఒకసారి ఇంట్లో వాదన జరిగింది, తేలలేదు. వంటింటి కిటికీకి మాగ్నెట్, కావాలంటే షాక్ సెన్సర్. స్నానాల గదికీ అంతే, అక్కడ తేమ బాధ అదనం.

మోషన్ సెన్సర్, గ్లాస్ బ్రేక్ రెండూ ఒకే డబ్బాలో వచ్చేవి ఉన్నాయి. ఒకటి మిగులుతుంది కదా అని కొంటారు. మోషన్ సెన్సర్‌కు మంచి చోటు గది మూల. గ్లాస్ బ్రేక్‌కు అది కాదు. రెండిటిలో ఎవరో ఒకరు రాజీ పడాలి, సాధారణంగా రాజీ పడేది గ్లాస్ బ్రేకే.

సర్టిఫికెట్ చూడండి అని కూడా చెప్తాను గానీ దాని మీద ఎక్కువ రాయడానికి లేదు. యూరప్‌లో మైకు రకానికి ఈఎన్ 50131-2-7-1 అనే ప్రమాణం ఉంది, అద్దానికి అంటించే రకాలకు 2-7-2, 2-7-3. గ్రేడ్లు 1 నుంచి 4 దాకా. ఇళ్ళకు సాధారణంగా గ్రేడు 2 అడుగుతారు. అమెరికా వస్తువైతే అక్కడి భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ గుర్తు. ఇవేవీ లేకుండా పెట్టె మీద బొమ్మలు మాత్రమే ఉన్నదాన్ని వదిలేయండి. వైర్‌లెస్ అయితే బ్యాటరీ అయిపోవస్తున్నప్పుడు, మూత ఎవరైనా తీసినప్పుడు, ప్యానెల్‌తో సంబంధం తెగినప్పుడు తనంతట తనే చెప్పే రకం కావాలి. మూగబోయిన మైకు, వినిపించడానికి ఏమీ లేని మైకు పైకి ఒకేలా ఉంటాయి.

చప్పట్లు కొట్టి చూడటం గురించి

బిగించడం అయిపోయాక చాలామంది డిటెక్టర్ కింద నిలబడి గట్టిగా ఒక చప్పట కొడతారు. లైటు మిణుకుమంటుంది. "చూశారా, పనిచేస్తోంది" అంటారు, సామాను సర్దుకుంటారు. మైకుకు కరెంటు అందుతోంది, లోపల ఏదో కదులుతోంది అన్నంతవరకే అది రుజువు. నాడి చూసి కంటిచూపు బాగుందని చెప్పినట్టు ఉంటుంది ఈ పరీక్ష.

అసలు పరీక్షకు గాజు పగిలే చప్పుడు వినిపించే సిమ్యులేటర్ అనే చేతి పరికరం ఉంది. హనీవెల్ డిటెక్టర్లకు ఎఫ్‌జీ-701 అలాంటిదే. డిటెక్టర్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి, సిమ్యులేటర్‌ను కాపాడాల్సిన అద్దం దగ్గర, అన్నిటికంటే దూరంగా ఉన్న అద్దం దగ్గర, కర్టెన్ వేసి ఉంచి మోగించాలి. కర్టెన్ తీసి పరీక్షించి రాత్రి కర్టెన్ వేసుకుని పడుకుంటే ఆ పరీక్ష పగటికే పనికొస్తుంది. ఇంకో పద్ధతిలో మెత్తటి తొడుగున్న పనిముట్టుతో అద్దాన్ని నిజంగానే తడతారు, ఆ ధబ్ విని సిమ్యులేటర్ భళ్ళు వినిపిస్తుంది. అప్పుడు రెండు మెట్లూ పరీక్షించినట్టు. ఫోన్‌లో గాజు పగిలే వీడియో పెట్టి చూసేవాళ్ళున్నారు. ఫోన్ స్పీకర్‌కు ఆ ధబ్ పలికే శక్తి లేదు కాబట్టి మంచి డిటెక్టర్ ఊరుకుంటుంది. దాన్ని చూసి పనిచేయట్లేదని సెన్సిటివిటీ పెంచుతారు. స్నేహితుడి ఇంట్లో తాళంచెవుల గుత్తికి మోగిన కథ ఇలాగే మొదలవుతుంది చాలాచోట్ల.

దీనికి రెండో సగం ఉంది, దాన్ని ఎవరూ చేయరు: మోగకూడనివాటితో పరీక్ష. సైరన్ ఆపి, డిటెక్టర్ ఆన్‌లో ఉంచి, ఇంట్లో మామూలుగా జరిగేవన్నీ జరగనివ్వాలి. తలుపు గట్టిగా వేయాలి, తాళాలు బల్ల మీద విసరాలి, పక్క గదిలో గిన్నెలు కడగాలి, కుక్క ఉంటే మొరగనివ్వాలి. కొన్ని రోజులు అలా ఉంచి ప్యానెల్ లాగ్‌లో ఏం నమోదైందో చూసి, అప్పుడు సైరన్ కలపాలి. బిగించేవాళ్ళు దీనికి ఓపిక పట్టరు, వాళ్ళకు ఇంకో ఇల్లు ఉంటుంది. మనమే చూసుకోవాలి. గదిలో తివాచీ మారినా, కొత్త కర్టెన్లు వచ్చినా, అద్దం మార్చినా మళ్ళీ సిమ్యులేటర్ తెప్పించాలి.

స్మార్ట్ స్పీకర్లున్నాయి కదా, అవి గాజు పగిలితే వింటాయట కదా అని కూడా అడుగుతున్నారు. అమెజాన్ 2019లో అలెక్సా గార్డ్ పేరుతో అమెరికాలో ఈ సదుపాయం తెచ్చింది, ఆ తర్వాత అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. మామూలు గ్లాస్ బ్రేక్ డిటెక్టర్ తను విన్నది లోపలే తేల్చుకుని పగిలిందా లేదా అన్న ఒక్క కబురే ప్యానెల్‌కు పంపుతుంది. స్పీకర్ అలా కాదు, మాటలు వినే మైకు అది, ఫోన్‌కు నోటిఫికేషన్ పంపాలంటే ఇంటర్నెట్ ఉండాలి. వైఫై పోయినా, కరెంటు పోయినా అది లేనట్టే. ఇంట్లో ఎలాగూ ఉండి, అందులో ఆ సదుపాయం ఉచితంగా అందుతుంటే ఆన్ చేసుకోండి, పోయేదేం లేదు. అలారం కోసం ఎన్ని డిటెక్టర్లు కావాలో లెక్క వేసేటప్పుడు మాత్రం దాన్ని కలపొద్దు.